సిపాయి వెంట నడిచిన సంసారం



నెలకు ఏడు రూపాయలు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో కాల్బలంలో చేరిన మామూలు సిపాయి జీతం అది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అంతే, నడుమ అంతే, 1857 గడిచాకా అంతే. 1895లో తొమ్మిది రూపాయలు అయ్యేదాకా ఆ అంకె కదల్లేదు. ఈలోగా చెకుముకి తుపాకీ పోయి రైఫిలు వచ్చింది, కంపెనీ పోయి రాణీగారి ప్రభుత్వం వచ్చింది, కాలిబాటల పక్కన రైలు పట్టాలు పడ్డాయి. జీతం మాత్రం ఏడు రూపాయలే.

ఆ ఏడు రూపాయల మీద ఎన్ని నోళ్ళు బతికేవి? ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే. చరిత్ర పుస్తకాల్లో సిపాయి ఒంటరివాడు. వరసలో నిలబడి, తుపాకీ భుజాన వేసుకుని, ఏదో ఒక కోటగోడ ఎక్కుతూ కనిపిస్తాడు. అతనికి ముసలి తల్లి ఉందనీ, ఈడొచ్చిన చెల్లెలుందనీ, చంటిపిల్లను చంకనెత్తుకున్న భార్య ఉందనీ అక్కడ రాయరు. బెంగాల్ సిపాయి సంగతి ఎలా ఉన్నా, మద్రాసు సిపాయి సంగతిలో ఇది పెద్ద వెలితి. అతను ఇంటిని వెంటబెట్టుకుని దండులో తిరిగినవాడు. ఆ ఇంటిని లెక్కలోకి తీసుకోకపోతే అతను అన్నేళ్ళు ఎందుకు అణిగిమణిగి ఉన్నాడో అర్థం కాదు. ఎందుకు తిరగబడ్డాడో అసలే అర్థం కాదు.

ఆ రోజుల్లో బ్రిటిష్ వారికి బెంగాల్, మద్రాసు, బొంబాయి అని మూడు సైన్యాలు ఉండేవి. 1857 నాటికి మద్రాసు సైన్యంలో దేశీయ కాల్బలం పటాలాలు యాభై రెండు. వాటిలో ముస్లిములు, తెలుగువారు, తమిళులు కలిసి ఉండేవారు. గంజాం నుంచి గుంటూరు దాకా సాగే ఉత్తర సర్కారుల ఊళ్ళు ఎందరో తెలుగు సిపాయిలను ఇచ్చాయి. పంచములని ఊరు దూరం పెట్టిన కులాలవారికి కూడా శతాబ్దం తొలినాళ్ళలో ఈ సైన్యంలో చోటు దొరికింది. ఊళ్ళో వీధి తొక్కనివ్వనివాడు పటాలంలో ఎర్రకోటు తొడిగి అందరితో పాటు కవాతు చేశాడు.

బెంగాల్ సైన్యంలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల బ్రాహ్మణ, రాజపుత్ర రైతు కుటుంబాలవాళ్ళు. వాళ్ళకు ఊళ్ళో పొలం, ఉమ్మడి కుటుంబం, పెద్దరికం ఉండేవి. భార్యాబిడ్డల్ని అన్నదమ్ముల మధ్య ఉంచి, సెలవు దొరికినప్పుడు వచ్చి చూసుకుని పోయేవారు. మన వైపు నుంచి పటాలంలో చేరినవాడికి చాలాసార్లు వెనక అలాంటి ఆసరా లేదు. పొలముంటే చేరేవాడే కాదేమో. ఇంటివాళ్ళను ఎవరి పంచన వదలాలి? కాబట్టి వెంట తెచ్చుకున్నాడు. ఒక తరం గడిచేసరికి అతనికి సొంతూరనేది పేరుకే మిగిలింది. పటాలమే ఊరైంది.

ఆ ఊరికి లైన్లని పేరు. విజయనగరం, విశాఖపట్నం, సామర్లకోట, మచిలీపట్నం, బళ్ళారి, సికింద్రాబాదు, ఇంకా ఉత్తరాన నాగపూరు దగ్గర కాంప్టీ: ఇవన్నీ మద్రాసు పటాలాలు మకాం వేసిన చోట్లు. తెల్ల సైనికులకు సర్కారు బారకాసులు కట్టించేది. దేశీయ సిపాయి తన గుడిసె తానే వేసుకోవాలి. దానికి కొద్దిపాటి సొమ్ము చేతిలో పెట్టేవారు. మట్టి గోడలు, తాటాకో గడ్డో కప్పు, వరసగా గుడిసెలు. బదిలీ హుకుం వస్తే ఆ గుడిసెను తర్వాత వచ్చే పటాలంవాడికి వచ్చినకాడికి అమ్ముకుని బయలుదేరాలి. కొత్త చోట మళ్ళీ గోడలు.

పటాలంలో అందరికీ కలిపి వండే వంటశాల లేదు. ఎవరి పొయ్యి వాళ్ళదే. ఈ చిన్న సంగతిలోనే ఇల్లాలి విలువంతా ఉంది. తెల్లవారకముందే డోలు మోగుతుంది. కవాతు, ఆ తర్వాత కాపలా. శాంతికాలంలో సిపాయి చేసే పనిలో ఎక్కువ భాగం ఖజానా దగ్గర, జైలు దగ్గర నిలబడటం, సర్కారు డబ్బు పెట్టెలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దాటించడం. అతను దిగివచ్చేసరికి వడ్లు దంచి, నీళ్ళు మోసి, గంజి కాచి ఉంచేది ఇంటి ఆడవాళ్ళు. వాళ్ళకు జీతం లేదు, జాబితాలో పేరు లేదు. వాళ్ళు లేకపోతే పటాలానికి తిండి లేదు.

ఆ ఏడు రూపాయలూ పూర్తిగా చేతికి వచ్చేవీ కావు. తుపాకీ కంపెనీది. ఒంటిమీది సరంజామాలో కొంత మాత్రం సిపాయే కొనుక్కోవాలి, దాని ఖరీదు జీతంలో పట్టుకునేవారు. మిగిలిన దాంట్లోంచి బియ్యం, ఉప్పు, వంటచెరకు. బియ్యం ధర ఒక హద్దు దాటితే మద్రాసు సైన్యంలో సిపాయికి ఆ తేడా కొంత భర్తీ చేసే పద్ధతి ఉండేది. కంపెనీ దయ తలచి ఇచ్చిందని అనుకోకండి. కరువు వచ్చినప్పుడు ఏడు రూపాయలతో ఒక సంసారం నిలవదని దొరలకూ తెలుసు. అయినా పటాలం బజారులో షావుకారు దగ్గర అప్పు లేని సిపాయి అరుదు. కంటోన్మెంట్లలో ఈ అప్పుల తగాదాలు తీర్చడానికే మిలిటరీ పంచాయతీలని ప్రత్యేకంగా ఏర్పాటు చేశారంటే ఆ అప్పులు ఏ మేరకు ఉండేవో ఊహించుకోవచ్చు.

ఇక ప్రయాణం. పటాలం కదిలిందంటే ముందు సైనికులు, వెనక ఒక ఊరు కదిలినట్టే. చీకటితో లేచి పది పన్నెండు మైళ్ళు నడిచి, ఎండ ముదిరేలోపు మకాం. ఒక్క తుపాకీయే నాలుగున్నర కిలోల బరువు. సిపాయి దాన్ని మోస్తూ వరసలో నడుస్తుంటే, వెనక ఎడ్లబండ్ల మీద ముసలివాళ్ళు, కుండలు, కోళ్ళు. బండి దొరకని ఆడవాళ్ళు నడకే. సంసారాన్ని కదిలించే బండి బాడుగ సిపాయి సొంత ఖర్చు. మచిలీపట్నం నుంచి కాంప్టీకి బదిలీ అయితే ఆ ఒక్క ప్రయాణం ఇంటిని ఏళ్ళ తరబడి తీరని అప్పులో దించేది. దారిలో కలరా తగిలితే పిల్లల్ని ఏ చెట్టు కిందో పూడ్చిపెట్టి, మర్నాడు మళ్ళీ చీకటితో లేచి నడవాల్సిందే. పటాలం ఆగదు.

మకాంలోనూ రోగం వదల్లేదు. ఉత్తర సర్కారుల్లోని సిపాయిలకు కాళ్ళు మొద్దుబారి, ఒళ్ళు నీరుపట్టి, చివరకు గుండె ఆగిపోయే జబ్బొకటి వచ్చేది. మద్రాసు సైన్యంలో వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ దాని మీద 1835లో ఒక గ్రంథమే రాశాడు. ఆ జబ్బు బెరిబెరి. బాగా దంపిన తెల్లబియ్యమే తిని బతికేవాళ్ళ ఒంట్లో బి1 విటమిను కరువై వస్తుందని తెలుసుకోవడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కంచంలో వరి అన్నం పడటమే హోదా అనుకున్న కాలంలో, చోడి అంబలి తాగే పేదవాడి కన్నా తెల్లన్నం తినే సిపాయికే ఆ జబ్బు ముప్పు ఎక్కువ.

కంపెనీ ఈ సంసారాన్ని బరువుగా మాత్రమే చూడలేదు. అందులో తనకు లాభం కూడా చూసుకుంది. మద్రాసు సైన్యంలో రిక్రూట్ బాయ్‌లు, పెన్షన్ బాయ్‌లు అని రెండు రకాల పిల్లలుండేవారు. సిపాయి కొడుకుని చిన్నతనంలోనే కొద్దిపాటి జీతం మీద పటాలం పుస్తకంలో రాసుకుని, కవాతు నేర్పి, ఈడు రాగానే తుపాకీ చేతికిచ్చేవారు. అలా చేరినవాడు రిక్రూట్ బాయ్. కొలువులో ఉండగా తండ్రి చనిపోతే ఆ ఇంటి ఆధారం కోసం చేర్చుకున్న కుర్రవాడు పెన్షన్ బాయ్. ఆ పిల్లవాడి రెండు మూడు రూపాయల మీదే విధవరాలైన తల్లి, చెల్లెళ్ళు బతికేవారు. లైన్లలో పుట్టి, డోలు మోతకు నిద్ర లేచి, తెలుగు, అరవం, హిందుస్తానీ కలగలిపి మాట్లాడుతూ పెరిగిన పిల్లవాడికి సైన్యం తప్ప వేరే లోకం తెలియదు. కంపెనీకి కావలసిందీ అదే.

ఇప్పుడు ఈ కట్టుబాటులో రెండో ముఖం చూడండి. 1835లో గవర్నరు జనరల్ బెంటింక్ దేశీయ సైన్యంలో కొరడా శిక్ష రద్దు చేశాడు. పదేళ్ళకే, 1845లో, దాన్ని మళ్ళీ తెచ్చారు. కానీ మద్రాసు సిపాయికి కొరడా కన్నా పెద్ద భయం పేరు కొట్టివేత. అది అతని ఒక్కడి ఉద్యోగం పోవడం కాదు. గుడిసె పోతుంది, కొడుకుల కొలువు పోతుంది, ముసలితనంలో వచ్చే పెన్షను పోతుంది, షావుకారు గుమ్మంలో నిలబడతాడు. లైన్ల బయట అతనికి ఎవరూ లేరు. ఇంతకన్నా గట్టి సంకెల ఏ దొరా చేయించలేడు.

సంకెల ఎంత గట్టిదైనా లాగితే తెగుతుంది. ఎక్కడ తెగిందో చూస్తే ప్రతిసారీ ఇంటి సంగతే కనిపిస్తుంది.

ఇలా తెగడం మొదటినుంచీ ఉన్నదే. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీతో యుద్ధానికి ఓడ మీద మద్రాసు వెళ్ళమంటే, విశాఖపట్నంలో సిపాయిలు ఓడ ఎక్కబోమని తిరగబడి కొందరు తెల్లవాళ్ళను చంపారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో మద్రాసు సిపాయిలు ఓడలు ఎక్కారు. 1811లో జావా వెళ్ళారు. 1824 మేలో, మన కోస్తావాళ్ళు రంగం అని పిలిచే రంగూనులో దిగారు. ఆ మొదటి బర్మా యుద్ధంలో చనిపోయిన తెల్లవాళ్ళు, దేశీయులు కలిపి పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. అందులో అధిక భాగాన్ని మింగింది శత్రువు తుపాకీ కాదు. జ్వరం, విరేచనాలు, తిండి లేకపోవడం.

1841 మే 30న చైనాలో కాంటన్ పక్కన శాన్‌యువాన్‌లీ దగ్గర, 37వ మద్రాసు పటాలం నుంచి సుమారు అరవైమంది సిపాయిలు కుండపోత వానలో దారి తప్పి వేలాది గ్రామస్థుల మధ్య చిక్కుకున్నారు. చెకుముకి తుపాకులు తడిసి పేలవు. వీపులు కలిపి చతురస్రంగా నిలబడి, బాయ్‌నెట్లతోనే చీకటి పడేదాకా కాచుకున్నారు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులున్న నౌకాదళం సైనికులు వచ్చి వాళ్ళను బయటపడేశారు. ఆ గ్రామస్థులు తమ నేలను కాపాడుకుంటున్నారు. ఈ సిపాయిలకు చైనాతో ఏ పేచీ లేదు. వేల మైళ్ళ అవతల నెలనెలా ఒక ఇంటికి అందే సొమ్ము కోసం నిలబడ్డారు.

ఆ సొమ్ము ఎలా అందేది? సముద్రం దాటే సిపాయి తన జీతంలో ఇంత భాగం ఫలానావారికి ఇవ్వమని రాయించి వెళ్ళేవాడు. దాన్ని ఫ్యామిలీ సర్టిఫికెట్ అనేవారు. ఆ కాగితం చూపించి భార్యో తల్లో డబ్బు తీసుకునేవారు. కాగితం ఎంత నమ్మకంగా నడిస్తే సిపాయి అంత దూరం వెళ్ళేవాడు. 1844లో ఆ నమ్మకం చెడింది. 47వ పటాలాన్ని సింధుకు పంపుతూ, అదనపు భత్యం ఇస్తామని మద్రాసు ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ లెక్క నమ్ముకుని సిపాయిలు ఇళ్ళకు సొమ్ము ఏర్పాటు చేసుకుని ఓడ ఎక్కారు. బొంబాయిలో దిగాక, ఆ భత్యం నిబంధనల ప్రకారం చెల్లదని తేలింది. కవాతు మైదానంలోనే వరసలు కదిలాయి, గొంతులు లేచాయి. నాయకులనుకున్నవాళ్ళను శిక్షించారు. దాదాపు అదే సమయంలో కాంప్టీ నుంచి జబల్పూరుకు కదిలించిన 6వ మద్రాసు అశ్వికదళంలోనూ ఇదే గోల. కొద్దిరోజులకేననుకుని సంసారాలను వెనక వదిలి వచ్చారు. అక్కడే ఉండాలి, పైగా భత్యం తగ్గుతుందన్నారు. ఒక్క జీతంతో రెండు కాపురాలు ఎలా నడపాలి? సర్కారు రికార్డుల్లో దీన్ని అవిధేయత అని రాసుకున్నారు. సిపాయి ఇంట్లో దీన్ని పస్తు అంటారు.

వేలూరు సంగతి అందరికీ తెలిసిందే. 1806లో కొత్తరకం తలపాగా పెట్టుకోవాలన్నారు, నుదుట బొట్టు, నామాలు ఉండకూడదన్నారు, చెవిపోగులు తీసేయాలన్నారు, గడ్డాలు కత్తిరించాలన్నారు. జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు లేచి వందమందికి పైగా తెల్ల సైనికులను చంపారు. ఆర్కాటు నుంచి వచ్చిన గుర్రపు దళం వందలాది సిపాయిలను చంపి ఆ తిరుగుబాటును అణచింది. దీన్ని మతం పేరుతో వచ్చిన గొడవగా చెబుతారు. నిజమే. కానీ ఆ మతం సిపాయికి గుళ్ళోనో మసీదులోనో మాత్రమే లేదు. అతని కూతురికి సంబంధం ఎవరిస్తారు, అతని ఇంట శుభానికో చావుకో ఎవరొచ్చి విస్తరి ముందు కూర్చుంటారు అన్నది కూడా అందులోనే ఉంది. టోపీవాడైపోయాడని, అంటే తెల్లవాళ్ళలో కలిసిపోయాడని, నలుగురూ అన్నాక ఆ ఏడు రూపాయలు ఎవరికి కావాలి?

దానికి కొనసాగింపు ఒకటుంది, అది తక్కువమందికి తెలుసు. వేలూరులో లేచిన 1వ రెజిమెంటుకు ఆ సంఖ్య తీసేసి, 24 అనే కొత్త సంఖ్య పెట్టారు. పదకొండేళ్ళ తర్వాత, 1817 నవంబరులో, నాగపూరు సీతాబల్డి గుట్టల మీద సుమారు 1,400 మంది బ్రిటిష్ బలగం అక్కడి రాజు అప్పాసాహెబ్ భోంస్లే పెద్ద సైన్యాన్ని ఎదుర్కొంది. అందులో ఈ 24వ రెజిమెంటు కూడా ఉంది. గుట్టల వెనక, రెసిడెన్సీలో ఆ సిపాయిల ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. గుట్ట పోతే ముందు పోయేది వాళ్ళే. గుట్ట పోలేదు. ఏం బహుమానం కావాలని అడిగితే ఆ సిపాయిలు పాత సంఖ్య తిరిగి ఇమ్మన్నారు. ఇచ్చారు. తండ్రి, తాత పనిచేసిన పటాలం పేరు అంటే లైన్లలో పుట్టినవాడికి ఇంటిపేరు లాంటిది. సొమ్ము కన్నా దాన్నే ముందు అడిగారు.

1857లో ఉత్తరాదిన బెంగాల్ సైన్యం భగ్గుమన్నప్పుడు మద్రాసు కాల్బలం దాదాపుగా కదల్లేదు. 8వ మద్రాసు అశ్వికదళం మాత్రం బెంగాల్ వెళ్ళడానికి మొండికేసింది. మిగిలిన పటాలాల నిశ్శబ్దాన్ని బ్రిటిష్ వారు రాజభక్తి అని పొగిడారు. మన వాళ్ళు కొందరు పిరికితనం అని నిందించారు. రెండూ తొందరపాటు మాటలే. బెంగాల్ సిపాయి తిరగబడ్డప్పుడు అతని భార్యాబిడ్డలు వందల మైళ్ళ అవతల, తమ ఊళ్ళో, తమ బలగం మధ్య ఉన్నారు. మద్రాసు సిపాయి భార్యాబిడ్డలు తెల్ల అధికారి బంగళాకు కూతవేటు దూరంలో ఉన్నారు. ఆ గుడిసెలో పొయ్యి వెలుగుతుండగా తిరుగుబాటు జెండా ఎత్తాలంటే, ముందు ఆ పొయ్యి ఆర్పుకోవాలి.

ఆ పొయ్యి కోసమే వాళ్ళు మన వాళ్ళ మీదికీ వెళ్ళారు. 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచినప్పుడు అణచడానికి పంపినవాటిలో మద్రాసు కాల్బలం పటాలాలు ఆరున్నాయి. కల్లు పన్ను మీద, అటవీ ఆంక్షల మీద, రంపను ఏలే మన్సబుదారు దోపిడీ మీద కడుపు మండి లేచిన మన్యం మనిషి ఒకవైపు, ఏడు రూపాయల సిపాయి ఇంకోవైపు. ఈ నిజాన్ని దాచి సిపాయిని మనవాడని పొగడటం కుదరదు. ఒక పేదవాడి ఆకలిని పట్టుకుని ఇంకో పేదవాడిని కాల్చించడం సామ్రాజ్యానికి తెలిసిన విద్య.

ఇంత చేసినా చివరకు దక్కిందేమిటి? 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్ళకు యుద్ధగుణం లేదని తీర్మానించాడు. ఆ వెంటనే మొత్తం భారత సైన్యానికీ అధిపతి అయ్యాడు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు వీరజాతులు, తెలుగువాళ్ళు, తమిళులు కారు అన్న సిద్ధాంతం నడిచింది. మద్రాసు పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్నిటిలో పేరు మిగిలి మనుషులు మారారు. తెలుగువారిని చేర్చుకోవడం క్రమంగా తగ్గిపోయింది. 1895లో మద్రాసు సైన్యం విడిగా లేకుండా పోయింది. జీతం తొమ్మిది రూపాయలైన సంవత్సరమే అది. మూడు నాలుగు తరాలు లైన్లలోనే పుట్టి, లైన్లలోనే పెరిగిన కుటుంబాలకు ఊరూ లేదు, పొలమూ లేదు, ఇక కొలువూ లేదు. యుద్ధగుణం లేదన్న మాట కూడా ఎక్కువకాలం నిలవలేదు. ప్రపంచయుద్ధం రాగానే అదే సర్కారు మళ్ళీ తెలుగు ఊళ్ళకు వచ్చి మనుషులను అడిగింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి అంతమంది వెళ్ళబట్టే ఆ ఊరు మిలిటరీ మాధవరమైంది.

సుబేదార్లకు పతకాలున్నాయి, దొరలకు సమాధుల మీద చలువరాళ్ళున్నాయి. మామూలు సిపాయి తన బతుకు తాను రాసుకోలేదు. అతని భార్య సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ వాళ్ళ జాడ పూర్తిగా పోలేదు. జీతాల పట్టీల్లో, ఫ్యామిలీ సర్టిఫికెట్లలో, పెన్షన్ బాయ్‌ల జాబితాల్లో, పంచాయతీకెక్కిన అప్పు పత్రాల్లో ఉంది. యుద్ధచరిత్ర రాసేవాళ్ళు ఇన్నాళ్ళూ ఆ కాగితాలను పద్దుల కట్టలుగా చూసి పక్కన పెట్టారు. నా మటుకు నాకు సీతాబల్డి గుట్ట ఎందుకు నిలబడిందో, బొంబాయి మైదానంలో గొంతు ఎందుకు లేచిందో సేనాపతుల లేఖల కన్నా ఆ పద్దులే సూటిగా చెబుతాయనిపిస్తుంది. మీ ఇంట్లో ఏ పాత పెట్టెలోనైనా తాతముత్తాతల నాటి పెన్షను కాగితమో, పటాలం సంఖ్య చెక్కిన బిళ్ళో ఉంటే పారేయకండి. దాని మీద ఒక్క పేరే ఉండవచ్చు. ఆ జీతం తిని బతికినవాళ్ళు, ఆ జీతం కోసం నడిచినవాళ్ళు మాత్రం ఒక్కరు కారు.